ఎడమకు వాలిన తీగ

ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెబుతానేమో వదినా. జరిగింది మాత్రం బందరు దగ్గర ఒక అద్దకం పాకలో.

నాంచారయ్యకు అన్నం సయించడం మానేసింది. గౌసు ఉస్తాదు దగ్గర ముందు అద్దకం చెక్క అచ్చు పట్టింది తను. మార్కండేయులు నిన్నగాక మొన్న వచ్చాడు. అయినా చూసినవాళ్లంతా వాడి చేతినే మెచ్చుకుంటున్నారు. ఇప్పుడు ఉరుసుకు దర్గా కిటికీలకు పరదాలు అద్దాలి. ఇద్దరూ చెరొకటి అద్ది చూపిస్తే, కుదిరిన చేతికి ఆ పని ఇస్తానన్నాడు ఉస్తాదు.

కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేసిన గుడ్డను బల్ల మీద పరిచి, నాంచారయ్య తీగ అచ్చు అందుకున్నాడు. రంగులో అద్దడం, గుడ్డ మీద ఆనించడం, పిడికిలితో ఒక్క గుద్దు. గుద్దు గుద్దుకూ ఎడమ పక్క బల్ల మీదికి ఒక చూపు. అక్కడ మార్కండేయులు కూనిరాగం తీస్తున్నాడు.

"ఏరా, పాట పాడితేగానీ రంగు అంటదా?"

"నోరు ఖాళీగా ఉంటే నిన్ను తిట్టాలనిపిస్తుంది అన్నా. అందుకని పాడుకుంటున్నా."

పని ముగిశాక నాంచారయ్య తన పరదాను ఉస్తాదు ముందు పరిచాడు.

"చూడండి. గీత చెదిరిందా? రంగు చిమ్మిందా? అయినా మీ కంటికి వాడే ఆనతాడు."

ఉస్తాదు గుడ్డంతా వేళ్లతో తడిమాడు. "మచ్చ లేదు. కానీ పరదా పడుకునేది కాదు గదా నాయనా. నిలబెట్టి చూద్దాం."

ముసలాయన తనే పీట ఎక్కి, దాన్ని తూర్పు కిటికీకి కట్టాడు. ఎండ గుడ్డలోంచి దిగింది. వెనకనున్న ఇనప చువ్వల నీడలు నిట్టనిలువుగా కనిపించాయి. తీగ మాత్రం కింద చువ్వతో కలిసే బయలుదేరి, ఒక్కో అచ్చుకూ నూలుపోగంత జరుగుతూ, పైకి చేరేసరికి పూర్తిగా ఎడమకు వాలిపోయింది.

నాంచారయ్య ఆ వాలును కిందినుంచి పైదాకా వేలితో తడిమి, ఎడమ పక్క బల్లకేసి చూశాడు. తర్వాత దర్గా గుడ్డల మూట ఎత్తి, మార్కండేయులి బల్ల మీద పెట్టి వచ్చాడు.

"రేపట్నుంచి నా బల్ల గోడవైపు తిప్పుకుంటాను ఉస్తాద్," అన్నాడు తల వంచుకుని.

"బల్ల ఏం చేసింది నాయనా?" అన్నాడు ఉస్తాదు.

ఈ మాట మాత్రం తప్పు పోలేదు. పేర్లు తప్పితే, వదినా, నువ్వు దిద్దు.