తెల్లమూపురం ఎక్కిన గానుగెద్దు

హిమాలయాల్లో తెల్లమూపురం అని ఒక కొండ ఉంది. దూరం నుంచి చూస్తే పడుకున్న ఎద్దు వీపులా ఉంటుంది, దాని మీద మంచు మూపురం. ఎండాకాలం రాగానే ఆ కొండ పాదాల దగ్గర గుడారాలు లేస్తాయి. కింది దేశాల జంతువులు వచ్చి, కొండెక్కి, దిగి, ఇళ్లకు పోయి ఛాతీ విరుచుకుంటాయి. వాటిని ఎక్కించిన జంతువులు మాత్రం అక్కడే మిగిలిపోతాయి. ఎక్కినవాడి పేరు అడవంతా మోగుతుంది. ఎక్కించినవాడి పేరు అడిగే నోరొక్కటీ ఉండదు. లోకం అలా తగలడింది మరి!

అలా ఎక్కించేవాళ్లలో అందరికన్నా పెద్దది లాక్పా అనే కొండమేక. గడ్డం నెరిసింది. ఒక కొమ్ము సగానికి విరిగింది. పదహారేళ్లుగా జంతువుల్ని పైకి తీసుకెళ్తోంది. తీసుకెళ్లిన ప్రతిదాన్నీ తిరిగి కిందికి తెచ్చింది.

ఆ ఏడు దాని దగ్గరికి ఇద్దరు వచ్చారు.

మొదటివాడు మైలయ్య అనే ఎద్దు. పన్నెండేళ్లు నువ్వుల గానుగ చుట్టూ తిరిగినవాడు. పొద్దున్నే కళ్లకు గంతలు కట్టేవారు, పొద్దుగూకాక విప్పేవారు. విప్పి చూసుకుంటే బయల్దేరిన చోటే ఉండేవాడు. ఊళ్లోకి కరెంటు మిల్లు వచ్చింది, గానుగ మూలపడింది, మైలయ్య మెడ మీద కాడి కాయ మాత్రం మిగిలింది. అప్పుడు పుట్టింది అతనికి ఒకే ఒక్క కోరిక. కన్నుమూసేలోగా ఒక్క దారి చివరైనా కళ్లారా చూడాలి.

రెండోవాడు చెరకు తోటల నక్క, జంబయ్య.

"నక్కెక్కడ, నాకలోకమెక్కడ అని మావాళ్లంతా పళ్లికిలించారు లాక్పక్కా. ఆ నాకలోకం నెత్తిన కాలు పెట్టి, పోయి వాళ్ల నోళ్లు మూయిస్తా" అన్నాడు వస్తూనే. పక్కనున్న ఎద్దును ఎగాదిగా చూశాడు. "ఏం బావా, నువ్వు కొండెక్కుతావా, కొండ చుట్టూ తిరుగుతావా?"

"అక్క ఎటు నడిపిస్తే అటు బావా" అన్నాడు మైలయ్య.

లాక్పా నవ్వలేదు. "కొండమ్మ నెత్తిన ఎవరమూ కాలు పెట్టం జంబయ్యా. శిఖరానికి తొమ్మిది గిట్టల దూరంలో రాళ్లగుట్ట ఒకటి ఉంది. మా అమ్మమ్మలు అక్కడే ఆగారు, మనమూ అక్కడే ఆగుతాం. ఆ పైన గాలి మంచును తోసి తోసి చూరులా పెంచింది. పైనుంచి చూస్తే నేలే అనిపిస్తుంది. కింద మాత్రం కొండ ఉండదు."

"అలాగేనమ్మా" అన్నాడు జంబయ్య. మనసులో మాత్రం, 'మంచి చోటు తనకు దాచుకుని మనకు కథలు చెబుతోంది' అనుకున్నాడు. దొంగకు ఊరంతా దొంగలే కదా!

మర్నాటి నుంచి ఎక్కడం మొదలైంది. ఎక్కడమంటే ఏముంది, పొద్దున్నే సగం కొండ ఎక్కించి మధ్యాహ్నానికి మళ్లీ దింపేది లాక్పా. మూడోనాటికి నక్కకు ఒళ్లు మండింది.

"నిన్న ఎక్కిన చోటికే ఇవాళా? ఎక్కడమెందుకు, దిగడమెందుకు? బావను చూసి గానుగ తిప్పడం నువ్వూ నేర్చుకున్నావా ఏంటక్కా?"

"పైన గాలి పలచన. ఒంటికి అలవాటు కాకుండా ఒక్క ఊపున ఎక్కితే తల పగిలిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరతాయి. ఎక్కాలి, దిగి పడుకోవాలి, మళ్లీ ఇంకాస్త ఎక్కాలి. కొండ మనల్ని రానివ్వాలంటే పరిచయం పెరగాలి."

మైలయ్య మాత్రం చెప్పినట్టే ఎక్కాడు, దిగాడు. తిరగడం అతనికి కొత్తా? ఒక అడుగు, ఒక ఊపిరి. మళ్లీ ఒక అడుగు, ఒక ఊపిరి. గిట్టలకు లాక్పా కొట్టించిన మేకుల లాడాలు మంచులో కరకరమంటుంటే, పన్నెండేళ్ల నడకే నడిచాడు. పది రోజులకు నక్క నాలుక వేలాడేశాడు. ఎద్దు రొప్పు ఇంకా తగ్గింది.

"నీకెవరు నేర్పారు తమ్ముడూ ఈ నడక?" అంది లాక్పా.

"గానుగ నేర్పిందక్కా. తొందరపడితే దెబ్బలే పడేవి, నూనె మాత్రం ఎక్కువ పడేది కాదు."

లాక్పా ఆ మాటకు తల ఊపింది. పదహారేళ్లలో అది అలా తల ఊపడం చాలామంది చూడలేదు.

తర్వాత తాడు పాఠం. ముగ్గురికీ ఒకటే తాడు. ముందు మేక, నడుమ నక్క, వెనక ఎద్దు. నడిచే ముందు లాక్పా ఒక్కొక్కరి ముడినీ నోటితో పట్టి గుంజేది. "ముడిని కంటితో చూస్తే చాలదు. పంటితో చూడాలి" అనేది.

ఒకరోజు గుంజేసరికి జంబయ్య మెడలోని ఉచ్చు ఊడి దాని నోటికే వచ్చింది.

"అయ్యో, జారిపోయినట్టుందక్కా."

"జారిందా, జార్చావా?"

జంబయ్య దొరికిపోయానని తెలిసి ఎదురు తిరిగాడు. "జార్చాను! అయితే ఏంటట? ఆ బండరాయి జారితే దాంతోపాటు నేనూ పోవాలా? ఎద్దు చస్తే తోలైనా పనికొస్తుంది. నేను చస్తే ఏం మిగులుతుంది?"

మైలయ్య చెవులు వాలిపోయాయి. బండరాయి అన్నందుకు కాదు. ఇన్నాళ్లూ తన ముందు నడిచినవాడు తనను నమ్మలేదని.

లాక్పా ఉచ్చు మళ్లీ తగిలించింది. తిట్టలేదు, కొట్టలేదు. "రండి, వెన్నుగట్టు సంగతి చెబుతా" అంది.

"శిఖరానికి ముందు దారి గోడ మీద నడకలా ఉంటుంది. ఎడమన అగాధం, కుడిన అగాధం. మనలో ఎవరైనా ఎడమకు పడ్డారనుకోండి, పైనున్నవాళ్లు వెంటనే కుడికి దూకాలి. అప్పుడు తాడు గట్టుకు అటూ ఇటూ వేలాడి అందర్నీ ఆపుతుంది. నిలబడి లాగుదామనుకుంటే అందరూ ఎడమకే పోతారు."

జంబయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒకడు నూతిలో పడితే ఇంకొకడు గోతిలో దూకాలా! బాగుందమ్మా నీ చదువు. బావా, దూకుతావా నువ్వు?"

మైలయ్య సిగ్గుపడుతూనే నిజం చెప్పాడు. "ఆ లోతు చూస్తూ దూకలేనేమో అక్కా."

"చూడమని ఎవరన్నారు తమ్ముడూ?" అంది లాక్పా.

పైకి వెళ్లే రోజు రానే వచ్చింది. గాలి ఆగింది, ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. బయల్దేరే ముందు లాక్పా ఒక ఉన్ని పట్టీ తెచ్చి జంబయ్య నడుముకు చుట్టి, వీపు మీద బిగించి కట్టింది.

"పైన చలి కొరుకుతుంది. నువ్వు సన్నటివాడివి."

జంబయ్య మురిసిపోయి ఎద్దు వైపు తిరిగాడు. "చూశావా బావా! మనిషిని బట్టి మర్యాద. నీకు లేదేం పాపం?"

"నాకు తోలు మందం లే బావా" అన్నాడు మైలయ్య. లోపల కాస్త చివుక్కుమంది. తాడు కట్టేటప్పుడు లాక్పా తన ఛాతీ దగ్గర మామూలుకన్నా ఎక్కువసేపు తంటాలు పడటం గమనించాడు గానీ, ఎందుకని అడగలేదు.

వెన్నుగట్టు చేరేసరికి ఎండ వచ్చింది. మైలయ్య తల దించుకుని లాక్పా గిట్టల గుర్తుల్లోనే గిట్టలు వేస్తూ నడిచాడు. ఒక అడుగు, మూడు ఊపిర్లు. తల ఎత్తితే ఇరవై అడుగుల అవతల రాళ్లగుట్ట. అదే దారి చివర. జీవితంలో మొదటిసారి తన దారికి ఒక చివర కనిపించింది. ఎద్దు కళ్లల్లో నీళ్లు తిరిగి రెప్పల మీదే గడ్డకట్టాయి.

లాక్పా గుట్ట దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, "రా తమ్ముడూ, మెల్లగా రా" అని పిలిచింది.

ఆ ఒక్క క్షణం దాని చూపు ఎద్దు మీద ఉంది. నక్కకు అంతకన్నా ఏం కావాలి? మెడలో ఉచ్చు జార్చేశాడు, గుట్టను ఒక్క గంతులో దాటేశాడు.

"జంబయ్యా, ఆగు!"

"మీ అమ్మమ్మలు ఆగారేమో, నేనాగను!"

లాక్పా ఎగిరి అతని తోక పళ్లతో పట్టుకుంది. అప్పటికే నక్క నాలుగు కాళ్లూ మంచు చూరు మీదున్నాయి. నిండుకుండ పగిలినట్టు 'ఫెళ్' మని చప్పుడైంది. చూరు విరిగింది. నక్క, మేక, గదంత మంచు, అన్నీ కలిసి ఎడమ అగాధంలోకి పోయాయి.

మైలయ్యకు మంచు మీద ఖాళీ ఉచ్చు పాములా జరజరా పాకడం కనిపించింది. 'జంబయ్య పోయాడు' అనుకున్నాడు. మరుక్షణం ఛాతీ మీద ఒక కుదుపు, వెంటనే రెండో కుదుపు. ఒకటి లాక్పా బరువు. ఆ రెండోది ఎవరిది?

ఆలోచించే తీరిక లేదు. తాడు అతన్ని ఎడమకు ఈడ్చుకుపోతోంది. ఎద్దు కదా, పుట్టినప్పటి నుంచి తెలిసిన పనే చేశాడు. నాలుగు కాళ్లూ తన్నిపెట్టి లాగాడు. లాడాల మేకులు మంచులో గీతలు గీసుకుంటూ జారాయి. ఇంకా లాగాడు. ఇంకా జారాడు. బతుకంతా కూడు పెట్టిన విద్య ఇక్కడ ప్రాణం తీస్తోందని అప్పుడు తెలిసింది మైలయ్యకు. కుడివైపు చూశాడు. మేఘాలు ఎక్కడో కింద తేలుతున్నాయి. కాళ్లు కదలలేదు.

చూడమని ఎవరన్నారు తమ్ముడూ?

మైలయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు. గంతలు కట్టినప్పటి చీకటే. ఆ చీకట్లో పన్నెండేళ్లు ఎక్కడికో తెలియకుండా నడిచినవాడికి ఇంకొక్క అడుగు లెక్కా? ముక్కుకు గానుగలోని తెలికపిండి వాసన కొట్టినట్టయింది. కుడివైపుకు దూకేశాడు.

ఎద్దు బరువంటే మాటలా! తాడు గట్టును కోసుకుంటూ బిగిసింది. ఇటు ఎద్దు దిగుతుంటే అటు ఇద్దరూ మోట బావిలో బానలా పైకి లేచారు. లాక్పా గట్టు అంచు అందగానే రెండు గెంతుల్లో ఎక్కేసింది, నిలువుగోడ దానికి నట్టిల్లే కదా. దాని వెనకే తోక సగం బొచ్చు ఊడిన నక్క, నడుముకు ఉన్ని పట్టీతో, గట్టు మీద దబ్బున పడింది.

ఆ పట్టీకి వెనకవైపు జడలబర్రె వెంట్రుకలతో పేనిన సన్నతాడు ఒకటి కుట్టి ఉంది. పెద్దతాడుకు పెనవేసుకుని అది నేరుగా ఎద్దు ఛాతీ దాకా పోయింది. ముడి వీపు మీద పడింది, నక్క నోటికి అందని చోట. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడు మరి.

"తమ్ముడూ!" లాక్పా కిందికి కేకేసింది. "బతికున్నావా?"

"ఉన్నట్టే ఉన్నానక్కా!"

"తాడు రాతికి చుట్టాను. ఇక పైకి రా. తొందరొద్దు, గానుగ అడుగు వెయ్యి!"

మైలయ్య మేకుల గిట్టలు మంచులో దించాడు. ఒక అడుగు, నాలుగు ఊపిర్లు. నక్క కూడా పళ్లతో తాడు పట్టి లాగాడు. ఎవరూ చెప్పకుండానే లాగాడు. ఆ మాట కూడా చెప్పాలి.

ఎద్దు గట్టెక్కి రాళ్లగుట్ట పక్కన కూలబడ్డాడు. జంబయ్య అతని దగ్గరికి జరిగాడు.

"బావా, నేను తాడు విప్పేసుకున్నాను కదా. నా కోసం ఎందుకు దూకావు?"

"విప్పుకుంది నువ్వు. అక్క విప్పలేదు."

జంబయ్య మేక వైపు తిరిగాడు. "నేను ఎలాంటివాడినో తెలిసి కూడా కట్టావా అక్కా?"

"తెలుసు కాబట్టే కట్టాను" లాక్పా కళ్లు ఎర్రబడ్డాయి. "తీసుకెళ్లినవాళ్లను తిరిగి కిందికి తేవడం నా పని. మంచివాళ్లనే తెస్తానని ఎవరికీ మాటివ్వలేదు. ఇక తోక ముడిచి కూర్చో!"

కూర్చున్నాడు.

తర్వాత లాక్పా ఎద్దు పక్కకు వచ్చి నిలబడింది. "కళ్లు తెరువు తమ్ముడూ. నువ్వు అడిగిన దారి చివర ఇదే. పదహారేళ్లలో మా వెన్నుగట్టు మీద కుడికి దూకినవాడివి నువ్వొక్కడివే. నేర్పిన నాకే ఆ పని ఇంతవరకూ పడలేదు. ఇంతకీ, ఎలా ఉంది చివర?"

మైలయ్య నలువైపులా చూశాడు. విరిగిన చూరు చోట ఖాళీ ఆకాశం. చుట్టూ తెల్లటి మూపురాలు, లెక్కకు అందనన్ని, మంద పడుకున్నట్టు. తర్వాత తాము ఎక్కి వచ్చిన గిట్టల గుర్తులు చూశాడు. మళ్లీ వాటి మీదుగానే దిగాలి. ఎద్దుకు నవ్వొచ్చింది.

"ఇదీ గానుగేనక్కా! బయల్దేరిన చోటికే పోవాలి. కాకపోతే కళ్లకు గంతలు లేవు."

ముగ్గురూ దిగారు. ఈసారి ముడిని నక్కే వేసుకున్నాడు, పంటితో రెండుసార్లు చూసుకుని మరీ.

చెరకు తోటలకు తిరిగొచ్చాక జంబయ్య ఛాతీ విరుచుకుని కథ మొదలుపెట్టాడు. "తెల్లమూపురం నెత్తి మీద..." అనేలోపే ఒక ముసలి నక్క అడిగింది. "అది సరేరా, నీ వీపు మీద బొచ్చు ఊడి ఆ కాయ ఏంట్రా, కాడి మోసిన ఎద్దుకున్నట్టు?"

జంబయ్యకు ఉన్ని పట్టీ ముడి గుర్తొచ్చింది. తల దించుకుని, "కొండెక్కింది నేను కాదు తాతా" అన్నాడు. "ఎక్కించినవాళ్ల పేర్లు చెబుతా, వినండి."

ముడి విప్పుకున్నవాడు ముందుకు పోయానని మురుస్తాడు గానీ, వాడిని బతికించేది విప్పుకోలేకపోయిన ముడే.