కూర్మదాసుగారి నాలుగో అడుగు

నీలాచలానికి ఒకటే దిగులు. ఆరేళ్ళుగా కూర్మదాసుగారి వెనక నిలబడి తాళం వేస్తున్నాడు. ఈ శ్రీరామనవమికి మొదటిసారి మెడలో దండ వేసుకుని తనే హరికథ చెప్పాలి. ఊరివాళ్ళేమో, "దాసుగారే చెబుతారనుకున్నామే!" అని అప్పుడే మూతి విరిచారు. ఇవాళ వాళ్ళని మెప్పించాడా, తనూ ఒక దాసు. లేదా, బతుకంతా తాళాల నీలాచలమే.

అందుకని మూడు నెలలుగా గొడ్లసావిడి వెనక ఒకటే సాధన. గురువుగారు చిడతలు పట్టే తీరు, పద్యానికి ముందు గొంతు సవరించుకోవడం, మెడ ఆడించడం, అన్నీ దించేశాడు. మరీ ముఖ్యంగా ఆ నడక. మూడు అడుగులు చకచకా వేసి, నాలుగోది కొంచెం ఈడ్చి ఘల్లున ఆపుతారు గురువుగారు. జనం ఊగిపోయేది అక్కడే. కిటుకంతా ఆ ఈడ్పులోనే ఉందని మనవాడు తేల్చుకున్నాడు. గురువుగారు ఇంట్లో నడిచినా అదే అడుగు. ఇంట్లో కూడా సాధన మానరు, మహానుభావుడు, అనుకునేవాడు. ఆ ఈడ్పుకి సావిడి వెనక నేల గాడి పడిందంటే చూసుకోండి!

నవమి పొద్దున గురువుగారి కాళ్ళకి దండం పెట్టి, "ఏమైనా తక్కువైతే ఇప్పుడే చెప్పండి గురువుగారూ" అన్నాడు. అడుగులన్నీ వేసి చూపించాడు కూడా.

"తక్కువేం లేదురా. కొంచెం ఎక్కువే ఉంది" అని నవ్వి ఊరుకున్నారాయన.

ఎండ దిగాక చలవపందిట్లో కథ మొదలైంది. సీతాకల్యాణం. గురువుగారు ముందు వరసలో చాప మీద కూర్చున్నారు. నీలాచలం మూడు అడుగులు వేశాడు. నాలుగోది ఈడ్చి ఘల్లుమనిపించాడు. మళ్ళీ మూడు, మళ్ళీ ఈడ్పు.

ఉన్నట్టుండి కూర్మదాసుగారు లేచారు. పందిరి చివర పానకం బిందె ఉంది. అక్కడిదాకా అందరి ముందునుంచీ తీరిగ్గా నడిచారు. మూడు అడుగులు, ఒక ఈడ్పు. మూడు అడుగులు, ఒక ఈడ్పు. గ్లాసుడు పానకం తాగి, అలాగే తిరిగొచ్చి కూర్చుని, పక్కనున్న మునసబుగారితో పందిరంతా వినబడేలా అన్నారు. "ఎడ్లబండి దిగుతూ పడ్డానండీ. ఇరవయ్యేళ్ళయింది. చలికాలం వస్తే ఇప్పటికీ సలుపే."

ముందు ఒక చిన్నపిల్ల కిసుక్కుమంది. ఆ వెనకే పందిరంతా నవ్వింది. "మరి నీ కాలికేటైంది బాబూ? నువ్వే బండి దిగావేటి?" అని ఎవరో అరిచారు.

నీలాచలం పద్యం సగంలోనే ఆపేశాడు. ఏడుపొక్కటే తక్కువ. ఎవరి మొహం చూడాలో తెలియక పందిరి అవతలికి చూశాడు. అక్కడ ఒక ముసలమ్మ, పొలం నుంచి అప్పుడే వచ్చినట్టుంది, గుంజ పట్టుకుని అందరి తలల మీంచి మెడ చాచి చూస్తోంది.

"అక్కడే నిలబడిపోయావేటమ్మా!" అన్నాడు నీలాచలం. నోరు దానంతటదే కదిలింది. "నువ్వు రాలేదనే కదా జనకమహారాజు ఇంకా విల్లు బయటికి తియ్యలేదు! జరగండి బాబూ, దారివ్వండి. పెళ్ళికూతురి అమ్మమ్మగారొచ్చారు!"

జనం నవ్వుతూ జరిగారు. ముసలమ్మ సిగ్గుపడుతూ వచ్చి ముందు చాప మీద సర్దుకుని కూర్చుంది. "ఇంక తియ్యించు నాయినా" అంది. పందిరి గొల్లుమంది. ఈసారి నవ్వులో నీలాచలం కూడా కలిశాడు.

ఆపైన కథ ఎలా సాగిందో అతనికే తెలియదు. నాలుగో అడుగు కూడా మిగతా మూడింటిలాగే పడింది, ఆ సంగతే అతను గమనించలేదు. విల్లు విరిగినప్పుడు పిల్లలు గంతులేశారు. తలంబ్రాల వేళ ముసలమ్మ లేచి, చేతిలో అక్షింతలన్నీ నీలాచలం నెత్తినే పోసేసింది.

"పైయేడు కూడా నువ్వే రావాలి దాసూ" అన్నారు మునసబుగారు, లేస్తూ.

పందిరి ఖాళీ అయ్యాక నీలాచలం గురువుగారి పక్కన చతికిలబడ్డాడు.

"ఆ ముసలమ్మని పిలవాలని నీకెవరు చెప్పార్రా?" అని అడిగారు గురువుగారు.

నీలాచలం ఆలోచించాడు. ఈ ఆరేళ్ళలో గురువుగారు కథ ఆపి మరీ లోపలికి పిలిచినవాళ్ళంతా ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

"ఎవరూ చెప్పలేదండీ. మీరు కూడా నేర్పలేదు."

"మా గురువుగారు కూడా నాకు నేర్పలేదురా" అన్నారు కూర్మదాసుగారు.