రాజుగారి మీసం, ఆచార్యుడి బొమ్మల పెట్టె

వినండి! నా మంగలి కత్తి దూరం నుంచి చూపిస్తే చాలు, ఏడూళ్ళ గడ్డాలు వాటంతటవే రాలిపోయేవి. అలాంటి నేను సాక్షాత్తూ రాజుగారి మీసమే తీసేశానంటే ఊరికే తీశానా?

మా కొలువుకి చండధ్వజాచార్యుడనే యంత్రకారుడు పెద్ద పెట్టెతో వచ్చాడు. దాని ముందు కూర్చుంటే, మనిషి చెయ్యి పడకుండా ఆ పెట్టె తనంతట తానే మన బొమ్మ గీసి బయటికి తోస్తుందట. మంత్రిగారు కూర్చున్నారు, అచ్చం ఆయన బొమ్మే వచ్చింది. రాజుగారు మురిసిపోయి, "రేపు నా బొమ్మ కూడా ఇలాగే వస్తే, ఆస్థాన చిత్రకారులంతా ఇళ్ళకి పోవచ్చు" అన్నారు.

నాకు మాత్రం అనుమానం. కూర్చునేది ఎవరో ఆచార్యుడు ముందురోజే అడిగి తెలుసుకుంటున్నాడు. తెల్లారి రాజుగారికి గడ్డం గీస్తూ అన్నాను: "ఎదుట ఉన్న ముఖం చూసి గీసే పెట్టెకి ముందుగా పేరెందుకు ప్రభూ? ఆ మీసం నాకు వదిలెయ్యండి, సంగతి తేల్చేస్తాను."

"తేలకపోతే నీ తల తీయిస్తానురా, గురవా!"

"చిత్తం" అని మీసం గీసేశాను.

రాజుగారు ముఖానికి ఉత్తరీయం కప్పుకుని వచ్చి, పెట్టె ముందు కూర్చున్నాక తీశారు. పెట్టె వెనక మర తిప్పుతున్న ఆచార్యుడికి అదేమీ కనపడలేదు. బొమ్మ బయటికొచ్చింది. దానికి గుబురు మీసం!

"చూశారా జీవకళ!" అని వెనకనుంచే అరిచాడు ఆచార్యుడు.

"చూశాం స్వామీ! ఆ మీసం పొద్దున్నుంచీ నా కత్తుల పొదిలో ఉంది. మీ పెట్టెకి ఎక్కడ కనపడింది?" అన్నాను.

పెట్టె తెరిపిస్తే, కొలువులో అందరి బొమ్మలూ ముందే గీసి పేర్చి ఉన్నాయి. రాజుగారు చిత్రకారులను ఉండమని, ఆచార్యుడికి ఆ పెట్టె చూపించారు.

"నా మీసం మొలిచేదాకా లోపల కూర్చో."