మూడు గుమ్మాల ఉంగరం

నీలూ, రోజూ పడుకునే ముందు నేను బొటనవేలికి కొబ్బరినూనె రాసుకుంటానా, మీ తాతయ్య దాన్ని సోకంటాడు. సోకు కాదే, పరోపకారం. బ్యాంకులో ఆ అమ్మాయికి నా వేలిముద్రలో ప్రతి గీతా కనపడాలా వద్దా? పోయిన నెల "మామ్మగారూ, మీ ముద్ర ఎంత బాగా పడుతుందో" అంది. ఇప్పటికి నలభై మందికి చెప్పాను. నువ్వు నలభై ఒకటి. కాస్త ఇటు జరుగు, ముద్ర కథే చెప్తాను.

అనగనగా ఒక కొండవాలున తుమ్మికోట. దానికి దొర పెద భూపతి. ఆయనకి చదువు రాదు. నాలాంటివాడే, కాకపోతే ఆయనకి ఏనుగుండేది. సంతకం బదులు వేలికి ముద్దుటుంగరం పెట్టుకునేవాడు. వేడి లక్క మీద దాన్ని నొక్కితే బొమ్మ పడేది. ఆ బొమ్మ ఉన్న కాగితమే దొర మాట.

ఉంగరం మీద ఏం చెక్కారనుకున్నావు? ఆ కోట గుమ్మమే. ఎవరు కాగితం తెచ్చినా కాపలావాడు ముద్రని చూసి, గుమ్మాన్ని చూసి, రెండూ ఒకటైతేనే గడియ తీసేవాడు. అదీ అక్కడి ఆచారం.

పెద భూపతి గుమ్మానికి రెండు రాతి స్తంభాలు, పైన అడ్డంగా ఒక రాతి దూలం. అంతే.

ఆ తర్వాత ఆయన కొడుకు నడిమి భూపతి వచ్చాడు. నవాబుల ఊళ్ళు చూసొచ్చి, "ఇది గుమ్మమా, గొడ్లసావిడా" అని దూలం దింపించి విల్లులా వంగిన కమాను కట్టించాడు. గుమ్మం మారితే ఉంగరమూ మారాలి కదా. కొత్త బంగారం కలపకూడదని ఆ ఇంటి పట్టింపు. అందుకని ఉన్నదాన్నే గీకి, కమాను చెక్కించారు.

ఆ తర్వాత మనవడు చిన భూపతి. ఈయన సముద్రం ఒడ్డున తెల్లదొరల బంగళాలు చూసొచ్చాడు. కమాను పడగొట్టించి, గుండ్రటి సున్నపు స్తంభాలు నిలబెట్టి, నెత్తిన ముక్కోణం పెట్టి, అందులో గడియారం బిగించాడు. అది ఏనాడూ సరైన టైము చూపించలేదు, అది వేరే సంగతి.

అప్పుడు ఉంగరం మళ్ళీ కంసాలి బ్రహ్మలింగాచారి దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. బంగారం ఆకులా పలచబడింది. ఇంకాస్త లోతుగా గీకితే చిల్లే. పైపైన గీకి, కొత్త గుమ్మం చెక్కి ఇచ్చేశాడు.

ముద్ర వేస్తే ఏమైంది? తెల్ల స్తంభాల వెనకాల కమాను నీడలా కనపడింది. దాని వెనక తాతగారి దూలం వెంట్రుకంత గీతలా కనపడింది.

చిన భూపతి మూడు నెలలు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత ఆచారిని పిలిపించాడు.

"ఏమయ్యా ఆచారీ, నా గుమ్మంలో మా తాత ఎందుకు దూరాడు? మూడు రోజులు వేటకి పోతున్నా. వచ్చాక నా కళ్ళముందే గీకు. గీత మిగిలితే ఒక బొటనవేలు తీయిస్తా. ఉంగరానికి చిల్లుపడితే రెండూ."

ఉంగరం వేలికి పెట్టుకునే వెళ్ళిపోయాడు.

బొటనవేలు లేని కంసాలి ఏం చేస్తాడు చెప్పు? మొదటి రోజు ఆచారి అన్నం కలిపి, వేలు చూసుకుంటూ కూర్చున్నాడు. రెండో రోజు నాలుగు వేళ్ళతో ఉలి పట్టి చూశాడు. జారి కాలి మీద పడింది. మూడో రోజు పొద్దున్నే వచ్చి కోట గుమ్మం లోపల కూలబడ్డాడు, రెండు బొటనవేళ్ళూ గుప్పిట్లో దాచుకుని.

అప్పుడు వచ్చాయి మూడు పల్లకీలు, తెరలు దించుకుని. వెంట వచ్చినవాడు తలుపుకింద సందులోంచి కాగితం తోశాడు. "పెళ్ళికూతుళ్ళని తెచ్చాం. తలుపు తియ్యమని మీ దొరగారి మాట."

కాపలా పోతులయ్య కిటికీలోంచి తల బయటపెట్టి గుమ్మాన్ని చూశాడు, ముద్రని చూశాడు. మొహం వెలిగిపోయింది. "ఆచారీ, మూణ్ణెల్లకి ఇవాళ ఒక ముద్ర శుభ్రంగా పడిందయ్యా! గడియారం ముల్లుతో సహా!" అంటూ గడియ మీద చెయ్యి వేశాడు.

ఆచారి ముద్ర చూశాడు. వెలుతురుకి పెట్టి మళ్ళీ చూశాడు.

"తియ్యకు, పోతులయ్యా. ఇందులో తాతగారి దూలం లేదు."

"లేకపోవడమేగా కావాల్సింది!"

"నేను గీకలేదు. గీకకుండా ఎలా పోయింది?"

తలుపు మీద మొదటి దెబ్బ పడింది. "ఎండలో ఆడవాళ్ళున్నారయ్యా!"

"నీ వేలి భయం నీది. తియ్యకపోతే నా తల పోతుంది" అన్నాడు పోతులయ్య. గడియ సగం కదిలింది.

రెండో దెబ్బ పడింది. ఆచారి గడియకి అడ్డంగా నిలబడి గుప్పిళ్ళు విప్పాడు. "ఈ మూణ్ణెల్ల పాత కాగితాలు తియ్యి. నా తప్పు లేని కాగితం ఒక్కటి చూపించు, రెండు వేళ్ళూ ఇక్కడే నరుకు."

పోతులయ్య తలపాగాలోంచి మూడు పాత కాగితాలు తీశాడు. మొదటిదాంట్లో దూలం ఉంది. రెండోదాంట్లో ఉంది. మూడోదాంట్లోనూ ఉంది. కొత్తదాంట్లో లేదు. గుమ్మాన్ని చూసి ఎవడో దొంగ ఉంగరం చెక్కించాడు. లోపలి పాత గుమ్మాలు వాడికేం తెలుసు?

పోతులయ్య గడియ మళ్ళీ బిగించాడు.

మూడో దెబ్బ పల్లకీ మోసే బొంగుతో పడింది. తలుపు ఊగింది గానీ విరగలేదు. ఆ ఊపుకి పల్లకీ తెర తొలిగితే, లోపల పెళ్ళికూతురికి గుబురు మీసాలు, ఒళ్ళో కత్తి! ఇంతలో వేటనుంచి దొర మనుషులతో దిగాడు. అంతే, పెళ్ళికూతుళ్ళు చీరలెగ్గట్టి పరుగు.

ఆ తర్వాత చిన భూపతి నాలుగు ముద్రలూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో గీతా వేలితో తడిమి చూశాడు. చివరికి ఉంగరం తుడిచి వేలికి పెట్టుకున్నాడు. "గీకొద్దు ఆచారీ, ఇకమీదట ఆ గీత చూసే గడియ తీస్తారు" అన్నాడు. పెరట్లో పడేసిన తాతగారి రాతి దూలం మోయించి, సున్నపు స్తంభాల మీద మళ్ళీ ఎక్కించాడు. గడియారం ఎక్కడ పెట్టాలో తెలీక వంటింట్లో పెట్టారు.

అదే కథ, నీలూ. కళ్ళు మూసుకున్నావా?

ఉంగరం వేలికి, గడియ తలుపుకి,
కథ కంచికి, కునుకు కంటికి.

నువ్వు మొన్న పలక మీద నేర్పిన నా పేరు మాత్రం నాకింకా రాలేదు.