తెల్లగా ఉతికిన మాస్కు

“సామీ, ఈ మాస్కు ఎన్నాళ్ళకు మార్చల్ల?” అని మౌనేశు అడగడం అది మూడోసారి. గురువు విరూపాక్షాచారి మూడోసారీ బదులు చెప్పలేదు. ఏది అడిగినా వెంటనే నోరు విప్పే మనిషి కాదాయన. శిష్యులు దాన్ని పెద్దరికం అనుకునేవాళ్ళు. ఈ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం అది పెద్దరికం కాదు, భయం.

నల్లరాయి చెక్కే ఆ శిల్పశాలలో ఏ పనిముట్టునూ ఊరికే పారేసేవాళ్ళు కాదు. మొద్దుబారిన ఉలిని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, బొటనవేలంత అయ్యేదాకా వాడేవాళ్ళు. రాయి కోసే మిషన్లతో పాటు దుమ్మూ, దుమ్ముతో పాటు మాస్కులూ వచ్చాయి. ఆచారి వాటినీ పనిముట్లలోనే కలిపేశాడు. ఆయుధపూజ నాడు వాటిని ఉలీ సుత్తీల పక్కనే ఉంచి బొట్టు పెట్టించాడు. బొట్టు పెట్టినదాన్ని చెత్తలో వేసేదెవరు? ఆయన కొడుకు కాళప్ప ఒక్క మాస్కుతో ఏడాది గడిపాడు. కోడలు ఈశ్వరమ్మ రోజూ సాయంత్రం దాన్ని సబ్బుతో ఉతికి, తీగ మీద ఆరేసి, పొద్దున్నే మల్లెపువ్వులాగా చేతికిచ్చేది. పనిముట్టును చూసుకోవడమంటే అదీ అని ఆచారి పదిమందిలో మెచ్చుకున్నాడు కూడా.

కాళప్ప ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మేనని తేలిన రోజు, డాక్టరు ఆ మాస్కును అటూ ఇటూ తిప్పి చూశాడు. “దీన్ని ఉతికారా? ఉతికితే సన్నదుమ్మును ఆపే గుణం పోతుంది. తెల్లగా ఉంటుంది, అంతే” అన్నాడు. ఆ మాట విన్నది ఆచారి ఒక్కడే. ముప్పై నాలుగేళ్ళకే కొడుకు పోయాడు. ఆచారి శిల్పశాల మూసేశాడు. కోడలికి మాత్రం డాక్టరు మాట చెప్పలేదు. ఏ ముఖం పెట్టుకుని చెప్తాడు? రెండేళ్ళ తరవాత మౌనేశు వచ్చి పని నేర్పమని కాళ్ళావేళ్ళా పడితే, మళ్ళీ తలుపు తీశాడు.

మూడోసారి అడిగిన నాటి సాయంత్రం పని ముగించి మౌనేశు మాస్కు తీసి దులుపుతున్నాడు. ఈశ్వరమ్మ సబ్బుబిళ్ళతో బట్టలుతికే రాయి దగ్గరకు పోతూ ఆగింది.

“ఇట్లియ్యి మౌనేశా. మీ అన్నకు ఉతికిచ్చినట్లే ఉతికిస్తా. ఏడాది వస్తాది.”

మౌనేశు చేయి చాచాడు. అతని ఇంట్లో ఇంకా పాకడం కూడా రాని కూతురుంది. ఆచారి గబుక్కున లేచి, మాస్కు లాక్కుని, రెండు ముక్కలుగా చించేశాడు.

“అయ్యో మామా! ఒక్కదినం వాడిందే గదా!” అంది ఈశ్వరమ్మ.

“అది ఒక్కదినానిదే తల్లీ, ఈ దుమ్ములో. తడిసినా, పట్టీ సడలినా, ఊపిరి బరువైనా ఆ దినం గూడా ఉంచగూడదు. ఉతికితే ఇంక దుమ్మును ఆపదు.”

“అయితే నేను ఉతికినవి...” అని ఈశ్వరమ్మ ఆగిపోయింది. చేతిలో సబ్బుబిళ్ళ జారి కిందపడింది. “మీకు ఎప్పుడు తెలిసింది మామా?”

“వాణ్ణి ఆస్పత్రిలో చూపించిన దినమే.”

ఆమె అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. మౌనేశుకు ఎటు చూడాలో తెలియలేదు. ఆచారి ఎన్నడూ లేనిది కోడలి ఎదుట నేల మీద కూర్చున్నాడు. ఆయన కళ్ళూ ఆగలేదు.

“తెలుసుకుని, ఉతకొద్దని చెప్పాల్సినోణ్ణి నేను తల్లీ,” అన్నాడు. “మెచ్చుకుంటి.”