తవిటప్ప తాడుకి మూడు చుట్లు

పొద్దున్న. ముసురు. ఏరు ఎర్రగా నిండి ఉంది.

ఏ ఏడో చెప్పేవాళ్ళు లేరు. మన తాతల తాతలకి పాలపళ్ళు ఊడుతున్న రోజులనుకోండి. ఆ ఏటి ఒడ్డున ఒక రేవు, రేవులో ఒక పడవ, పడవకో తాడు. ఆ తాడు కట్టీ విప్పీ బతికే ముసలావిడ ఒకతె. పేరు తవిటమ్మ. పుట్టినప్పుడు బతకదేమోనని పక్కింటివాళ్ళు తవుడిచ్చి కొన్నట్టు చేశారట, అందుకా పేరు. ఆ వైపు అక్కని అప్ప అంటారు, ఊరంతా తవిటప్ప అనేవారు.

ఆవిడకి పొలం లేదు. పిల్లలు లేరు. ఉన్నవి మూడు ఇంగ్లీషు మాటలు.

ఎలా వచ్చాయంటే, ఒకప్పుడు భూములు కొలిచే దొర ఆ రేవులో మూడు నెలలు గుడారం వేశాడు. బెత్తం చూపించి అడిగేవాడు. విచ్ విలేజ్? వాట్ క్రాప్? హూజ్ ల్యాండ్? పక్కనున్న దుబాసీ తెలుగులో చెప్పేవాడు. ఏ ఊరు? ఏం పంట? ఎవరి భూమి? తవిటప్ప తాడు పట్టుకుని వినేది. ఒకరోజు ఉండబట్టలేక దుబాసీనే అడిగింది.

"బాబూ, దొర ఉత్తినే 'ఏటి' అని అడగడేం?"

"అలా అడిగితే మీవాళ్ళు 'ఏటీ లేదు బాబూ' అంటారు కనక," నవ్వాడు దుబాసీ. "ఆ మాటని ఒంటరిగా వదలకూడదే. పక్కన ఇంకో మాట కట్టాలి. హూజ్ అని ఊరుకోకు. హూజ్ ల్యాండ్ అను, హూజ్ ఆవు అను. అప్పుడు జవాబు జారిపోదు."

కట్టడం ఆవిడకి తెలిసిన పనే.

దొర వెళ్ళిపోయాడు. మాటలు ఉండిపోయాయి. ఆనాటి నుంచి తవిటప్ప పడవ తాడుని గుంజకి మూడు చుట్లు చుట్టేది. ఎవరొచ్చినా మూడు ప్రశ్నలు. జవాబుకో చుట్టు విప్పేది. విచ్ ఊరు? వాట్ పని? హూజ్ మనిషివి?

"కూతురింటికెల్తన్నాను, ఇప్పవే తల్లీ, దొరసానీ!" అని ఏడిపించేవారు. ఆవిడ నవ్వేది కాదు. జవాబు వచ్చేదాకా విప్పేదీ కాదు.

ఆ ఊళ్ళోనే సన్యాసమ్మ అని ముగ్గురు పిల్లల తల్లి. ఆ ఏడు ఆషాఢానికే గాదె అడుగు కనిపించింది. అలాంటప్పుడు వచ్చాడు నల్లకోటు మనిషి. పిల్లల్ని దొర బంగళాలో పనికి పంపమన్నాడు. రెండు పూటలా అన్నం, పంట నూర్చేనాటికి ఇంటికి తెచ్చి దింపుతానన్నాడు. గడపకి అడ్డెడు బియ్యం పోశాడు.

ఒక్క పిల్ల పేరూ అడగలేదు. జబ్బలు నొక్కాడు. నోరు తెరిపించి పళ్ళు చూశాడు. దూడల్ని కొనేవాడు ఇలాగే చూస్తాడు కదా అని సన్యాసమ్మకి అనిపించింది. అనిపించింది, అడగలేదు. అప్పటికే ఆ బియ్యం పొయ్యి మీద ఉడుకుతున్నాయి.

ఆ ముసురు పొద్దున్న తొమ్మిదిమంది పిల్లలు పడవెక్కారు. ఊరి పడవవాణ్ణి దిగిపొమ్మని, నల్లకోటు తన మనుషులిద్దర్ని ఎక్కించాడు. అదీ చూసింది సన్యాసమ్మ. అదీ అడగలేదు.

"తాడు విప్పు, ముసల్దానా."

"విచ్ దొర?" అంది తవిటప్ప.

నల్లకోటు ఉలిక్కిపడ్డాడు. "నీకు ఇంగ్లీషు కూడానా! పెద్ద దొర."

"అందరూ పెద్ద దొరలే బాబూ. విచ్ దొర?"

"కొండకింద బంగళా దొర."

ఒక చుట్టు విప్పింది. నెమ్మదిగా.

"వాట్ పని?"

"తోట పని."

నాకు దూడల పని అన్నాడే, అనుకుంది సన్యాసమ్మ. పక్కనున్నావిడ గొణిగింది, "మాకు వంటింటి పనన్నాడు." ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. సన్యాసమ్మకి భయమేసింది. భయం కోపంగా బయటికొచ్చింది.

"ఇప్పీయప్పా! నీకూ పిల్లలుంటే తెలిసీది, ఆకలంటే ఏటో!"

తవిటప్ప ఆమె వైపు చూసింది. రెండో చుట్టూ విప్పింది. ఇక ఒక్కటే ఉంది.

"హూజ్ పిల్లలు?"

"ఇంకెవరి పిల్లలే?" విసుక్కున్నాడు నల్లకోటు. "బియ్యం తిన్నారు కదా. ఇక మా పిల్లలే."

సన్యాసమ్మ నీళ్ళ అంచుదాకా వచ్చేసింది.

తవిటప్ప తాడుని మళ్ళీ గుంజకి చుట్టబోయింది. నల్లకోటు కత్తి తీసి గుంజ దగ్గర తాడు కోసేసి పడవలోకి దూకాడు. పడవ కదిలింది. తెగిన కొస బురదలో పాకిపోతుంటే ముసలావిడ దాని మీద పడి పట్టుకుంది. నడుముకి చుట్టుకుంది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు. కాళ్ళు గుంజకి తన్నిపెట్టింది. పడవ ఒడ్డు దగ్గరే ఆగింది.

"సన్యాసీ! హూజ్ పిల్లలే?"

"నా పిల్లలే! నా పిల్లలే అప్పా!"

సన్యాసమ్మ నీళ్ళలోకి దూకింది. వెనకే మిగతా తల్లులు. చెయ్యి దొరికితే చెయ్యి, జుట్టు దొరికితే జుట్టు పట్టుకుని పిల్లల్ని పడవలోంచి లాగారు. ఆఖరివాడు సన్యాసమ్మ చిన్నకొడుకు. వాణ్ణి చంకలో వేసుకుని వెనక్కి తిరిగేసరికి పడవని ప్రవాహం అందుకుంది. తాడు బిగిసింది. గుంజ దగ్గర ఎవరూ లేరు.

మూడు చుట్లు. విప్పేవాళ్ళెవరు?

పడవ ఎక్కడ తేలిందో, నల్లకోటు ఏమయ్యాడో ఆ ఊరు ఎప్పుడూ అడగలేదు. అడగాల్సినవి మాత్రం అప్పటినుంచి అడుగుతూనే ఉంది. ఈనాటికీ ఆ ఒడ్డున పిల్లని ఎవరు తీసుకెళ్తామన్నా, మేనమామైనా సరే, మూడూ అడుగుతారు. విచ్ ఊరు? వాట్ పని? హూజ్ మనిషివి? బడి మొహం చూడని ముసలాళ్ళు కూడా అలాగే అడుగుతారు. జవాబు తడబడితే "చుట్టు ఇప్పకు" అంటారు. అంతే. ఇక పిల్ల గడప దాటదు.

పిల్లలు దక్కిన ఆ సాయంత్రం కూడా ముసురు ఆగలేదు. సన్యాసమ్మ గుంజ దగ్గర కూర్చుని పిల్లల తడి తలలు తడిమింది. తన అసిరి, తన పోలి, తన గవరయ్య, మూడు. ఎదురింటివాళ్ళిద్దరు, ఐదు. రేవు వీధివాళ్ళు నలుగురు, తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టింది. తొమ్మిది.

మూడోసారీ పెట్టింది. తొమ్మిది.

తవిటప్పని లాక్కుపోయిన ఏటి వైపు చూసింది. పది అనడానికి నోరు రాలేదు.