సంగట్లో కలిపిన మందు

పరుపులు కుట్టే దస్తగిరి, దర్గా గురువు బుడేసాబు తాత దగ్గర ఉపదేశం తీసుకుని తొమ్మిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో గురువును ఏదీ కోరలేదు. ఆ రోజు మాత్రం ఎండెక్కకముందే కొండమీది దర్గాకు వచ్చి, తాత కాళ్ళ దగ్గర కూలబడి, మందు వేసుకోమని తన భార్యకు ఒక్క మాట చెప్పమన్నాడు. ఆజ్ఞలాగా చెప్పమన్నాడు. తాత మాటంటే ఆమెకు గురి.

భార్య మాబున్నికి ఏడాదిగా మనసు బాగాలేదు. మొదట గుండెదడ అంది. ఇంటికప్పు మీద పడుతుందేమోనని వాకిట్లోకి పరిగెత్తేది. తర్వాత ఆ పరుగూ ఆగిపోయింది. తల దువ్వుకోదు, పలకదు, గోడకు ఆనుకుని కూర్చుంటే పొద్దుగూకేదాకా అక్కడే. మొన్న ఎండాకాలంలో రైలుకట్ట మీద ఊరికే నిలబడి ఉంటే, గొర్రెలు కాసే ముసలాయన చెయ్యి పట్టుకుని తెచ్చి ఇంట్లో దిగబెట్టాడు.

దస్తగిరి ఆమెను పట్నం తీసుకుపోయి మనోవ్యాధుల డాక్టరమ్మకు చూపించాడు. మాత్రలు రాసిచ్చి, తనకు చెప్పకుండా మానొద్దంది. మాబున్ని ఒక్కటీ మింగలేదు. బతిమాలాడు. కసిరాడు. తనమీద ఒట్టు పెట్టాడు. చివరికి మాత్రను పొడి చేసి రాగి సంగట్లో కలిపాడు. మూడో రోజు ముద్ద నోట పెట్టుకుని ఆమె ఆగిపోయింది. అతని ముఖంలోకి చూసి, కంచం పక్కకు జరిపింది.

అప్పటినుంచి అతని చేతి కూడు ముట్టదు. తను వండుకుంటే తింటుంది, లేకుంటే పస్తు. ఈ వారంలో నాలుగు రోజులు పొయ్యి దగ్గరికే పోలేదు.

"పని మానుకున్నా తాతా. వంట చేసినా, బట్టలుతికినా, తల కూడా నేనే రుద్దినా," అన్నాడు దస్తగిరి. "నేను చేసినట్టు ఏ మొగుడు చేస్తాడు?"

తాత కర్ర అందుకుని లేచాడు. ఇంటికి పోదాం పదమన్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి మాబున్ని గోడవారనే ఉంది. తాతను చూసి కొంగు తలమీదికి లాక్కుంది, అంతే. తాత ఆమెను దీవించలేదు, ఏ దువా చదవలేదు. పక్కనే, అదే గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. దస్తగిరి ఎదురుగా కూర్చుని, ఆజ్ఞ ఎప్పుడు వస్తుందా అని చూశాడు. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. అప్పుడు గానీ తాత నోరు తెరవలేదు.

"మాత్రలంటే ఏం భయమమ్మా నీకు?"

మాబున్ని కొంగు కొసను వేలికి చుట్టింది.

"మా చిన్నమ్మకు ఇచ్చినారు," అంది చివరికి. "నన్ను ఎత్తుకుని పెంచినామె. నేను చూడబోతే, ఎవరమ్మా నువ్వు అనింది."

ఈ సంగతి దస్తగిరి ఎన్నడూ వినలేదు. "అవి పాతకాలం మందులు, ఇవి అట్లాంటివి కావని డాక్టరమ్మ..." అంటూ ముందుకు వంగాడు.

తాత చెయ్యి చాచి అతని నోరు మూశాడు.

మాబున్ని చెబుతూ పోయింది. చిన్నమ్మను మంచానికి కట్టేసేవాళ్ళట. నోటివెంట చొంగ కారేదట. ఆమె చనిపోయిన రోజు ఇంట్లో ఎవరూ ఏడవలేదట. ఎప్పుడో పోయిందిలే అన్నారట. మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడల్లా తనకు ఆ మాటే వినిపిస్తుందట. వేసుకోకుంటే ఇట్లా పోతాను, వేసుకుంటే అట్లా పోతాను అంది. మధ్యమధ్య ఆగిపోయేది. ఆగినప్పుడల్లా తాత అరచేతి కింద దస్తగిరి పెదవులు కదిలేవి. తాత చెయ్యి తియ్యలేదు.

ఆమె మాటలు అయిపోయాకే తీశాడు.

"ఇదంతా డాక్టరమ్మకు చెప్పినావా?"

"ఆమె నన్నే అడిగింది తాతా. అన్నిటికీ ఈయనే జవాబు చెప్పినాడు."

దస్తగిరి తల వంచుకున్నాడు. సంగట్లో కలిపింది తానేనని, తప్పు చేశానని గొణిగాడు.

"తెలుసు," అంది మాబున్ని. "ఆ మూడు రోజులేనా, అంతకు ముందు నుంచీనా? అది తెలీక చస్తున్నా."

"మూడు రోజులే."

ఆమె నమ్మిందో లేదో అతనికి అర్థం కాలేదు. డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ పోతావా అని తాత అడిగితే, ఈయన నోరు మెదపకుండా తోడొస్తే పోతానంది. మాత్ర వేసుకుంటాననలేదు. ఆ పూట కూడా ఆమె ఏమీ తినలేదు.

తాతను సాగనంపడానికి దస్తగిరి వాకిట్లోకి వచ్చాడు.

"తగ్గుతుందా తాతా?"

"నాకేం తెలుసురా," అన్నాడు తాత చెప్పులు వేసుకుంటూ. "లోపలికి పో. చెప్తే విను. చెప్పకపోయినా కూర్చో."